కార్మికుల పాత పాటల పుస్తకాలు ఏరడం ఎలా: హైదరాబాదులో మొదలుపెట్టేవాళ్లకి

అమెరికాలోనో ఇంగ్లండులోనో పాత సమ్మె పాటలు సేకరించేవాళ్లు షీట్ మ్యూజిక్ కొంటారు. ఐదు గీతల మీద స్వరాలు గుర్తులుగా అచ్చేసిన పెద్ద కాగితాలు, పైన బొమ్మ ఉన్న అట్ట, పియానో ముందు పెట్టుకుని చూస్తూ వాయించేయొచ్చు. మన దగ్గర అలాంటివాటి కోసం తిరిగితే చెప్పులరగడమే. మనకున్నవి పదహారు పేజీల పిన్నుల పుస్తకాలు, నాలుగు పేజీల కరపత్రాలు, మేడే ఊరేగింపులో అణాకీ బేడకీ అమ్మినవి. వాటిల్లో సంగీతం మొత్తం పాట నెత్తిన బ్రాకెట్లో ఒక్క ముక్కగా ఉంటుంది: ‘ఫలానా పాట వరస’. ఆ ఫలానా పాట మీకు రాకపోతే మీరు కొన్నది సగం పుస్తకమే.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. అమెరికాలో ఇండస్ట్రియల్ వర్కర్స్ ఆఫ్ ది వరల్డ్ అనే సంఘం 1909లో మొదటిసారి వేసిన ఎర్ర అట్ట జేబు పుస్తకంలోనూ పాటల పైన వరస పేర్లే ఉండేవి, అందరికీ వచ్చిన చర్చి పాటల వరసలు, బజారు పాటల వరసలు. దేశదేశాల కార్మికులు పాడుకునే ఇంటర్నేషనల్ గీతం మాటలు ఫ్రాన్సులో 1871లో పుట్టాయి, ఇప్పుడు మనం వినే బాణీ 1888లో వచ్చింది. అంటే పదిహేడేళ్లు ఆ పాట సొంత బాణీ లేకుండానే బతికింది. కాబట్టి కాగితం ఏరడం ఒక పని, వరస పట్టుకోవడం ఇంకో పని. రెండూ చేసే ఓపిక ఉంటేనే ఇందులోకి దిగండి.

ఏది కావాలో ముందు తేల్చుకోండి

కనబడిందల్లా కొంటే ఆరు నెలల్లో ఇంట్లోవాళ్లతో గొడవ ఖాయం. ఒక పరిశ్రమ పట్టుకోండి, లేదా ఒక పేట, లేదా ఒక కాలం. రైల్వే తీసుకుంటే లాలాగూడ వర్క్‌షాపు, 1974 మే సమ్మె. బట్టల మిల్లులయితే ఇక్కడ డి.బి.ఆర్. మిల్లు, వరంగల్లో ఆజం జాహి. బొగ్గయితే సింగరేణి. సనత్‌నగర్ ఆల్విన్, ఆజామాబాద్ ఫ్యాక్టరీలు ఉండనే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరైనా వీటిల్లో పనిచేసి ఉంటే అక్కణ్ణించే మొదలుపెట్టండి, ఎందుకంటే గేటు దగ్గర ఏం పాడేవాళ్లో చెప్పే మనిషి మీ ఇంట్లోనే ఉన్నట్టు.

ఇంకో మాట. చాలామంది తెలుగువాళ్లు ఉర్దూ పుస్తకం కనబడితే పక్కకి తోసేస్తారు, నేనూ మొదట్లో అదే చేశాను, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. హైదరాబాదులో కార్మిక సంఘాలు నడిపిన మఖ్దూం మొహియుద్దీన్ స్వయంగా ఉర్దూ కవి. ఈ ఊరి కార్మికోద్యమాన్ని ఒక్క తెలుగులోనే వెతికితే సగం జనం మాయమైపోతారు. ఆ ఉర్దూ పుస్తకాలు ఎక్కువగా కాతిబ్, అంటే అందంగా రాసిపెట్టే లేఖకుడు, చేత్తో రాసింది రాసినట్టు రాతి అచ్చులో వేసినవి, చూడ్డానికి కూడా అందంగా ఉంటాయి. చదవడం రాకపోయినా కొని పెట్టుకోండి, చదివిపెట్టేవాళ్లు ఈ ఊళ్లో దొరక్కపోరు. వరసకి వాళ్లు ‘తర్జ్’ అంటారు, పాట పైన ఆ మాట ఎక్కడుందో ముందు చూపించమనండి.

ఎక్కడ దొరుకుతాయి

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గురించి మీకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే వెళ్లండి, దుకాణాలవాళ్లు మూటలు విప్పుతుండగానే. మీక్కావలసినవి పైన పేర్చిన నవలల్లో ఉండవు, పక్కన అట్టపెట్టెలో కలగాపులగంగా పడేసిన పాత పంచాంగాలు, శతకాలు, కీర్తనల పుస్తకాల మధ్య ఇరుక్కుని ఉంటాయి. సైజు ఒకటే కదా, వాళ్ల దృష్టిలో అన్నీ ‘చిన్న బుక్కులే’. కోఠీలో పోటీ పరీక్షల గైడ్లే ఎక్కువ కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. గురువారం జుమ్మేరాత్ బజార్లో, ఆదివారం ఎర్రగడ్డ సంతలో పుస్తకాలు తక్కువే కానీ పాత ట్రంకు పెట్టె మొత్తంగా అమ్మకానికి వచ్చిన రోజున అదృష్టం తిరగొచ్చు.

అన్నిటికంటే మంచి చోటు మాత్రం కార్మికుల కాలనీల పక్కనుండే పాత పేపర్ల కొట్టు. పెద్దాయన పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ పుస్తకాలన్నీ కిలో లెక్కన వేసేస్తారు. ఆ కొట్టతనికి మీ నంబరిచ్చి, “అన్నా, ఎర్ర అట్ట చిన్న పుస్తకాలు, పాటలవి, వస్తే పక్కన పెట్టు, కిలో రేటు కాదు, పుస్తకానికి ఇంతిస్త” అని చెప్పండి. నెలకోసారి చాయ్ తాగి పలకరించండి, లేకపోతే మర్చిపోతాడు.

కొనడానికి కాదుగానీ చూసి పోల్చుకోవడానికి బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజార్లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. అసలు పుస్తకాలు నాలుగు చేత్తో పట్టుకుని చూడకుండా ఫుట్‌పాత్ మీద డబ్బు పెట్టొద్దు.

బేరం

అట్ట చూసి కళ్లు పెద్దవి చేశారో, ధర అప్పుడే పెరిగిపోయింది. నాలుగు శతకాల మధ్య పెట్టి మొత్తానికి ఎంత అని అడగండి. ఒకసారి నేను తెలివి చూపించబోయి “ఇది చినిగింది కదా” అన్నాను. ఆయన నవ్వి, “చినిగింది తీస్కుంటున్నవంటే దాంట్ల ఏదో ఉన్నట్టే గద సార్, సౌ రూపాయ్” అన్నాడు. ఇచ్చుకున్నాను.

పేజీలు లెక్కపెట్టి కొనండి. పిన్నుల పుస్తకంలో మధ్య కాగితం ఊడిపోతే నాలుగు పేజీలు ఒకేసారి పోతాయి, అట్టలు గట్టిగానే ఉంటాయి కాబట్టి గమనించం. అట్ట లేని పుస్తకం కొనొచ్చు, మధ్య కాగితం లేనిది మాత్రం మరీ అరుదైతే తప్ప వద్దు. చేతిరాతలుంటే వదలొద్దు. మామూలు పుస్తకాలు పోగుచేసేవాళ్లు శుభ్రమైన ప్రతి కోసం వెతుకుతారు, మనకి పాడుకున్న ప్రతి కావాలి. నా దగ్గర ఒకటుంది, వెల 25 న.పై. (నయాపైసలు), అట్ట మీది ఎర్ర సిరా మొదటి పేజీలోకి ఇంకిపోయింది. లోపల ఎవరో పెన్సిలుతో కొన్ని పాదాల చివర చిన్న సున్నా చుట్టారు, అంటే అక్కడ కోరస్ అందుకోవాలన్నమాట. ఒక చరణంలో ఊరి పేరు కొట్టేసి పైన ఇంకో ఊరి పేరు, దాన్నీ కొట్టేసి మూడో పేరు రాశారు. ఆ పుస్తకం మూడూళ్లు తిరిగిందని నాకు ఆ గీతలే చెప్పాయి.

ఎప్పటిదో తేల్చడం

సంవత్సరం వేసి ఉంటే గొడవే లేదు, చాలావాటి మీద ఉండదు. అప్పుడు వెల చూడండి. అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్ 1కి ముందుది, ఎందుకంటే ఆ రోజే రూపాయికి వంద నయాపైసల లెక్క వచ్చింది. ‘న.పై.’ అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, 1964 జూన్ నుంచి ‘నయా’ ఎగిరిపోయి ఉత్త పైసలయ్యాయి. వెల 12, 19, 37 లాంటి వింత అంకె ఉంటే సంతోషించండి, అవి రెండణాలు, మూడణాలు, ఆరణాలని కొత్త లెక్కలోకి మార్చి వేసినవి, అంటే మార్పు వచ్చిన తొలి ఏళ్లవి అనుకోవచ్చు. పాత ప్రతుల మీద కొత్త వెల రబ్బరు ముద్ర కొట్టి అమ్మినవీ ఉంటాయి, అప్పుడు ముద్ర కింద ఏముందో వెలుతురుకి పెట్టి చూడండి.

నిజాం రాజ్యంలో సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలకి ఆరు ఇంగ్లీషు రూపాయలు, ఆ ఇంగ్లీషు రూపాయల్ని ఇక్కడివాళ్లు కల్దార్ అనేవాళ్లు. వెల పక్కన హాలీ అనో కల్దార్ అనో కనబడిందంటే అది ఈ ప్రాంతంలో అమ్మడానికి వేసిందే, 1950ల తర్వాతది కాదు. సంవత్సరం 1356 అని ఉంటే తప్పచ్చనుకోకండి, అది నిజాం రాజ్యంలో వాడిన ఫసలీ సంవత్సరం, 590 కలిపితే 1946 వస్తుంది.

చిరునామా కూడా చెబుతుంది. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి ఆరంకెల నంబరున్న పుస్తకం అంతకు ముందుది కాలేదు. ‘హైదరాబాద్–29’ అని రెండంకెలే ఉంటే అంతకు ముందుదని మాత్రం గట్టిగా చెప్పలేం, ఆ అలవాటు తర్వాత కూడా కొన్నాళ్లు సాగింది. ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంటే 1956 నవంబరు తర్వాతది.

పేజీ తిప్పి వెనకవైపు వేలితో తడిమి చూడండి. అక్షరాలు గరుగ్గా తగిలితే సీసపు అక్షరాలు పేర్చి కొట్టిన అచ్చు, నున్నగా ఉంటే ఆఫ్‌సెట్. ఇదొక్కటే చూసి పాతదని ఎగరొద్దు, చిన్న ప్రెస్సులు 1980లలో కూడా అక్షరాలు పేర్చే వేశాయి. అచ్చయిన ప్రతి పుస్తకం మీదా ప్రింటరు పేరు, ఊరు ఉండాలని అప్పట్లో 1867 నాటి చట్టం ఉండేది. ఎక్కడా ప్రెస్సు పేరు లేని పాటల పుస్తకం కనబడితే, ముందు చివరి అట్ట చినిగిపోయిందేమో చూడండి, చినగకపోతే ఎవరో కావాలనే పేరు వేయకపోయి ఉండొచ్చు. నిషేధాల కాలమో ఎమర్జెన్సీయో అయి ఉండొచ్చు, లోపలి పాటల్లో పేర్లూ ఊళ్లూ చదివితే తెలుస్తుంది.

బుర్రకథ పుస్తకాలు వేరే కట్ట కట్టుకోండి. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంఘం ఆ కళని ఊరూరా తిప్పింది కాబట్టి అవి బాగానే దొరుకుతాయి, కథకుడి మాట, వంతలు, మధ్యలో హాస్యం, అన్నీ కలిసి ఉంటాయి, ఒక్కో పాటగా విడదీసి రాసుకోవడం కుదరదు.

ఇంటికి తెచ్చాక

మొదటిరోజే బీరువాలో పెట్టకండి. పురుగుంటే మిగతావాటికి పాకుతుంది. గాలి తీసేసిన జిప్ కవర్లో పెట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచండి, తీశాక కవరు విప్పకుండా ఒక రోజు బయట వదిలేయండి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఇంట్లో చికెన్ పక్కన పుస్తకాలేంటని తిడతారు, పడండి.

సెల్లోటేపు జోలికి వెళ్లొద్దు. నా మొదటి పుస్తకానికి నేనే ప్రేమగా టేపు వేశాను, నాలుగేళ్లకి ఆ జిగురు పసుపుగా మారి పల్లవి మీద పెద్ద మరకయింది, టేపు లాగితే అక్షరాలు దాంతోనే వచ్చేశాయి. లామినేషన్ అంతకంటే ఘోరం. చిరిగినచోట సన్నటి టిష్యూ, పలచగా ఉడికించిన గోధుమ గంజి చాలు. తుప్పుపట్టిన పిన్నులు మొద్దు కత్తితో వెనకనుంచి విప్పి తీసేసి, ఆ రంధ్రాల్లోంచే తెల్ల నూలు దారం వేసుకోండి.

అటక మీద పెట్టొద్దు, మే నెలలో అక్కడ పుస్తకం అప్పడమైపోతుంది. బయటి గోడకి ఆనించొద్దు, వానాకాలం చెమ్మ లాగుతుంది. పల్చటి ప్లాస్టిక్ కవర్లూ వద్దు. ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డలో చుట్టి ఇనప బీరువాలో మధ్య అరలో పడుకోబెట్టండి. నిలబెడితే వంగిపోతాయి.

స్కాన్ చేసేటప్పుడు ఖాళీ అట్టలు, వెనక ప్రకటనలు, రబ్బరు ముద్రలు, అన్నీ చేయండి. ఫోనుతో తీసేటట్టయితే కిటికీ పక్కన పగటి వెలుతుర్లో, ఫ్లాష్ లేకుండా. ఆన్‌లైన్లో పెట్టాలనుంటే కాపీరైటు చూసుకోండి: రచయిత పోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు, పేరు లేకుండా వేసిన పుస్తకమైతే అచ్చయిన తర్వాత అరవై ఏళ్లు. మఖ్దూం 1969లో పోయారు కాబట్టి ఆయనవి 2029 చివరిదాకా ఆగాల్సిందే.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఎక్కడ కొన్నారు, ఎంతకి, ఎవరింట్లోది, పేజీలెన్ని, ప్రతి పాట మొదటి పాదం, దాని పైన అచ్చయిన వరస. ఈ చివరి గడి ముఖ్యం, పక్కనే ఖాళీగా ఇంకో గడి వదలండి, ‘నిజంగా పాడిన వరస’ కోసం.

వరస పట్టుకోవడం

ఆ రెండో గడి ఎందుకో చెప్తాను. కవాడిగూడలో ఒక రిటైరైన మిల్లు కార్మికుడింటికి వెళ్లాను, ఎనభై దాటినాయన. నా పుస్తకంలో ఒక ఊరేగింపు పాట మీద సినిమా పాట వరస అని ఉంది. పుస్తకం చేతికిచ్చి, “తాతా, ఇది పాడతావా?” అన్నాను. కళ్లజోడు పెట్టుకుని చదివాడు, రెండు ముక్కలు అన్నాడు, ఆగిపోయాడు. “పుస్తకం జూస్తె రాదు బిడ్డా. నడుస్తుంటె వస్తది.” లేచి వరండాలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు, నాలుగో అడుగుకి పాట అందుకున్నాడు, మూడు చరణాలు ఆగకుండా. లోపల్నించి ఆయన భార్య కోరస్ అందుకుంది. అది ఆ సినిమా పాట వరస కానే కాదు. అడిగితే, “ఆ సినిమ మాలో ఎవరు జూసిన్రు? ఇది బతుకమ్మ పాట మీద పాడినం” అంది ఆమె, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

కాబట్టి, పుస్తకం ముందే చూపించొద్దు. ముందు సమ్మె గురించి అడగండి, గేటు గురించి, ఊరేగింపు ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్లేదో అడగండి, పాట దానంతటదే బయటికొస్తుంది. ఒంట్లో ఓపికుంటే నడవనివ్వండి, లేకపోతే బల్ల మీద దరువు వేయమనండి. ఇంటి ఆడవాళ్లని కూర్చోబెట్టండి, చాలాసార్లు వరస గుర్తున్నది వాళ్లకే. ఫ్యాను ఆపండి, రికార్డింగులో దాని గోలే వినబడుతుంది. మొదట మీ గొంతుతో తేదీ, పేట చెప్పండి, రికార్డు చేస్తున్నానని, ఎవరికి వినిపిస్తానో కూడా చెప్పి ఒప్పుకున్నాకే నొక్కండి. తప్పు పాడారని మధ్యలో ఆపొద్దు, పుస్తకంలో ఇలా ఉందని అసలు అనొద్దు. ఒక్క చరణం మాత్రం రెండోసారి పాడించుకోండి, రెండింటికీ తేడా ఉంటే ఆ తేడా కూడా మీకు సరుకే.

తర్వాత ఆ రికార్డింగు తీసుకుని హార్మోనియం వచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి పల్లవికీ ఒక చరణానికీ స్వరాలు రాయించుకోండి. మామూలుగా స రి గ మ చాలు, పక్కన అడుగు ఎక్కడ పడుతుందో ఒక గీత. నేను రాయించినాయన మొదట రాగం పేరు వెతకడం మొదలుపెట్టారు, వద్దండీ, ఆయన పాడింది పాడినట్టు రాయండి చాలు అని బతిమాలాల్సి వచ్చింది. ఆ కాగితం పుస్తకంలోనే పెట్టండి, పెన్సిలుతో రాసినది.

పుస్తకాలు అరువివ్వొద్దు, స్కాను పంపండి. నాదొకటి బాగా తెలిసినాయనే తీసుకెళ్లాడు, ఇప్పటికి ఆరేళ్లు, ఫోనెత్తడు. రెండు ప్రతులుంటే ఒకటి గ్రంథాలయానికివ్వండి, స్వరాల కాగితం నకలు కూడా దాంతో పెట్టి.

బీరువా అర లోపలివైపు ఒక చీటీ అంటించండి. ఏ గ్రంథాలయానికి ఫోను చేయాలో పేరూ నంబరూ పెద్ద అక్షరాలతో రాసి, కింద ఇంకా పెద్ద అక్షరాలతో ‘కిలో లెక్కన వేయొద్దు’ అని. మా ఆవిడ చదివి, దాని కింద ‘చూద్దాం’ అని రాసింది.